చక్కెర సీమ నుంచి వృత్తి ఫుట్‌బాల్‌కు: గుగులోత్ సౌమ్య క్రీడాజీవితం – సామాజిక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

నిజామాబాద్ జిల్లా బోధన్ ప్రాంతం ఇరవయ్యో శతాబ్దంలో నిజాంసాగర్ నీటితోను, నిజాం చక్కెర కర్మాగారంతోను రూపుదిద్దుకున్నది. ఆ కాలంలో దేశంలో క్రీడా నైపుణ్యం జీవనోపాధిగా మారడానికి ఉన్న ప్రధాన మార్గం కొలువు. పోలీసు శాఖ, రైల్వే, మిల్లులు, కర్మాగారాలు ఆటగాళ్ళను పోషించాయి. ఆ మార్గంలో స్త్రీలకు దాదాపు చోటు లేదు. బోధన్ కర్మాగారం మూతపడిన తరువాతి దశాబ్దంలో అదే ప్రాంతంలోని ఒక లంబాడా తండా నుంచి గుగులోత్ సౌమ్య వృత్తి ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా ఎదిగి, 2025లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే ఉత్తమ మహిళా క్రీడాకారిణి పురస్కారాన్ని పొందింది. మైదానపు అంచున ఆడే వింగర్‌గా ఆమె సాగించిన వృత్తిజీవితాన్ని ప్రాంతీయ చరిత్ర నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. క్లబ్బు ఒప్పందం అనే కొత్త మార్గం స్త్రీలకు తలుపు తెరిచిందనీ, అయితే ఆ తలుపు సొంత ప్రాంతంలో లేకపోవడం వల్ల ప్రతి ఎదుగుదలా ఒక వలసగా మారిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: నిజామాబాద్, బోధన్, నిజాం చక్కెర కర్మాగారం, లంబాడా తండా, మహిళా ఫుట్‌బాల్, వింగర్, వృత్తి క్రీడ, వలస.

1. ఉపోద్ఘాతం

తెలుగులో క్రీడాచరిత్ర రచన ఎక్కువగా విజయాల జాబితాగా సాగింది. పతకాలు, పరుగులు, గోల్స్ నమోదైనంతగా ఆటగాడు ఏ ఊరి నుంచి వచ్చాడు, ఆట ఆడుతూ ఏం తిన్నాడు, ఆట ముగిశాక ఎక్కడ స్థిరపడ్డాడు అనే ప్రశ్నలు నమోదు కాలేదు. క్రీడ వృత్తిగా మారిన కాలంలో ఈ ప్రశ్నలు మరింత ముఖ్యమవుతాయి. వృత్తి అంటే నైపుణ్యానికి వేతనం ఇచ్చే వ్యవస్థ ఒకటి ఉండాలి. ఆ వ్యవస్థ ఎవరిది, ఎక్కడున్నది, ఎవరిని లోపలికి రానిస్తుంది అన్నవి చరిత్రకారుడు అడగవలసిన ప్రశ్నలు.

ఫుట్‌బాల్‌లో మైదానం రెండు అంచుల వెంట ఆడే దాడి క్రీడాకారులను వింగర్లు అంటారు. వేగం, బంతిని కాలికి అంటిపెట్టుకొని పరుగెత్తే నేర్పు, లోపలికి బంతిని అందించే చూపు ఈ స్థానానికి అవసరం. గోల్ కొట్టిన వారి పేరు అందరికీ గుర్తుంటుంది. గోల్‌కు దారి తీసిన అంచు పరుగు చాలా సార్లు లెక్కలోకి రాదు. నిజామాబాద్ నుంచి జాతీయ జట్టుకు చేరిన సౌమ్య ఈ స్థానంలోనే గుర్తింపు పొందింది. ఆమె పుట్టి పెరిగిన ప్రాంతపు చరిత్రను ముందుగా పరిశీలిస్తే ఆమె ప్రయాణంలోని విశేషం స్పష్టమవుతుంది.

2. చక్కెర సీమ: నీరు, కర్మాగారం, కొలువు

ఇందూరు అని పూర్వనామం గల నిజామాబాద్‌కు పశ్చిమాన బోధన్, రెంజల్, ఎడపల్లి, వర్ని ప్రాంతాలున్నాయి. మంజీర, గోదావరి నదులు కలిసే కందకుర్తి రెంజల్ మండలంలోనే ఉన్నది. నదులు దగ్గరలో ఉన్నా, ఈ నేలకు కాలువ నీరు అందింది మంజీర నదిపై నిజాంసాగర్ జలాశయం నిర్మించిన తరువాతనే. 1923లో మొదలైన నిర్మాణం 1931 నాటికి పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆ నిర్మాణానికి సారథ్యం వహించిన ఇంజనీరు.

కాలువ నీరు వచ్చాక చెరకు విస్తరించింది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. ఒకప్పుడు ఆసియాలోని పెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటిగా దానికి పేరు. దాని చుట్టూ వెలసిన ఆవాసం శక్కర్‌నగర్. క్వార్టర్లు, పాఠశాల, ఆసుపత్రి గల పారిశ్రామిక పట్టణంగా అది పెరిగింది. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి కాలువ కింది భూముల్లో స్థిరపడ్డారు. రుద్రూరులో చెరకు పరిశోధన కేంద్రం వెలసింది. చెరకు బండ్ల వరుస, క్రషింగ్ సీజన్, కర్మాగారం సైరన్ ఈ ప్రాంతంలో కాలాన్ని కొలిచే గుర్తులయ్యాయి.

ఈ వ్యవస్థలో పర్మినెంటు కొలువుకు గొప్ప విలువ ఉండేది. నెల జీతం, భవిష్యనిధి, నివాసం, పిల్లల చదువు ఒకే సంస్థ నుంచి లభించేవి. ఒక కుటుంబం తన తరువాతి తరాన్ని గురించి ధైర్యంగా ఆలోచించగలిగేది. 2002లో ప్రభుత్వం 51 శాతం వాటాను ప్రైవేటు సంస్థకు అప్పగించింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి మూడు యూనిట్లలోను లే ఆఫ్ ప్రకటించారు. 2019లో జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. కర్మాగారాన్ని తిరిగి తెరవాలన్న డిమాండు ఎన్నికల వాగ్దానంగా, కార్మికుల ఆందోళనగా కొనసాగుతూ వచ్చింది. చెరకు పండిన పొలాలు ఎక్కువగా వరికి మళ్ళాయి. శక్కర్‌నగర్ అనే పేరు మాత్రం మిగిలింది.

3. కొలువుతో ముడిపడిన ఆట: హైదరాబాద్ వారసత్వం

బోధన్ కర్మాగారం కళకళలాడిన కాలమే హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు స్వర్ణయుగం. 1950 నుంచి 1963లో మరణించే వరకు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు దేశంలో అగ్రశ్రేణికి చేరింది. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. రహీం శిక్షకుడిగా ఉన్న భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఈ విజయాల వెనుక ఉన్న ఆర్థిక పునాది సరళమైనది. ఆటగాడు పోలీసు ఉద్యోగి. జీతం శాఖది, ఆట కూడా శాఖది. ఆట ముగిశాక ఉద్యోగం మిగిలేది.

ఇదే కాలంలో మరొక మార్గం కూడా తెరుచుకుంది. కలకత్తా క్లబ్బులు దక్షిణాది ఆటగాళ్ళను ఆహ్వానించాయి. ఈస్ట్ బెంగాల్ క్లబ్బు దాడి వరుసలో పంచపాండవులుగా పేరుపడిన ఐదుగురిలో ఆంధ్ర ప్రాంతానికి చెందిన అప్పారావు ఒకడు. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో అదే క్లబ్బులో చేరాడు. ఎడమ పక్క నుంచి దాడి చేయడంలో ఆయన ప్రసిద్ధుడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ, పెరూ జట్లపై ఆయన గోల్స్ చేశాడు. 1962 ఆసియా క్రీడల స్వర్ణ జట్టులో సభ్యుడు. అనారోగ్యం వల్ల 1963లో, ఇరవై ఏడేళ్ళ ప్రాయంలోనే ఆట మానవలసి వచ్చింది. తరువాతి జీవితం బెంగాల్‌లోని ఉత్తరపాడాలో గడిపి 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో కన్నుమూశాడు.

బలరాం జీవితం రెండు విషయాలను తెలుపుతుంది. మొదటిది, తెలంగాణ నేల నుంచి ఎదిగిన దాడి ఆటగాడు ఆట కోసం వెళ్ళిన చోటనే స్థిరపడవలసి రావడం కొత్త విషయం కాదు. రెండవది, క్లబ్బులో ఆడినా ఆటగాడిని చివరికి నిలబెట్టేది కొలువే. బలరాం ఈస్ట్ బెంగాల్ తరువాత బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టుకు మారడం ఈ నేపథ్యంలో చూడవలసినది. ఈ చరిత్రలో ఎక్కడా స్త్రీ కనిపించదు. పోలీసు జట్టులో గాని, రైల్వే జట్టులో గాని, కర్మాగారాల జట్లలో గాని ఆనాడు మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణికి కొలువు లేదు. అందువల్ల కర్మాగారాల కాలాన్ని క్రీడలకు అనుకూలమైన కాలంగా స్మరించేటప్పుడు, ఆ అనుకూలత సమాజంలో సగానికే పరిమితమైనదని గుర్తుంచుకోవాలి.

4. మహిళా ఫుట్‌బాల్: పోటీ నుంచి వృత్తి వరకు

భారతదేశంలో మహిళా ఫుట్‌బాల్‌కు ప్రత్యేక సమాఖ్య 1975లో ఏర్పడింది. ఆ దశకంలోనే జాతీయ పోటీలు మొదలయ్యాయి. 1980లో కాలికట్ ఆతిథ్యమిచ్చిన ఆసియా పోటీలో భారత జట్టు ద్వితీయ స్థానం పొందింది. 1983లోనూ అదే స్థానం లభించింది. ఆ సంవత్సరమే శాంతి మల్లిక్ అర్జున పురస్కారం పొంది, ఆ గౌరవం పొందిన తొలి మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణి అయింది. 1990ల ఆరంభంలో మహిళల సమాఖ్య అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యలో విలీనమైంది. ఆ తరువాత రెండు దశాబ్దాల పాటు మహిళల ఆట ఏడాదికి ఒక జాతీయ పోటీ, అప్పుడప్పుడు విదేశీ పర్యటన అన్నట్టుగానే సాగింది. ఆటకు పోటీ ఉన్నది గాని వృత్తి లేదు.

2017 జనవరిలో ఇండియన్ విమెన్స్ లీగ్ తుది పోటీలు న్యూఢిల్లీలో మొదలు కావడంతో మహిళల క్లబ్బు ఫుట్‌బాల్‌కు జాతీయ వేదిక ఏర్పడింది. మొదటి సంవత్సరాలలో అన్ని జట్లను ఒకే నగరంలో కూర్చి కొద్ది వారాల్లో పోటీ ముగించేవారు. కొన్ని వారాల ఆటకు కొన్ని వారాల ఒప్పందమే ఉండేది. 2023–24 సీజన్ నుంచి ఏడు జట్లతో సొంత మైదానం, ప్రత్యర్థి మైదానం పద్ధతి ప్రవేశపెట్టారు. ఆ సీజన్ నుంచి అగ్రశ్రేణి క్లబ్బులు కనీసం పదిమంది భారతీయ క్రీడాకారిణులతో ఒప్పందం చేసుకోవాలనీ, ఒక్కొక్కరికి ఏడాదికి కనీసం 3.2 లక్షల రూపాయలు ఇవ్వాలనీ సమాఖ్య 2023లో నిర్ణయించింది.

ఈ అంకె చిన్నదే. నెలకు సుమారు 26 వేల 600 రూపాయలు అవుతుంది. కాని చారిత్రకంగా దీని ప్రాధాన్యం పెద్దది. ఫుట్‌బాల్ ఆడటం స్త్రీకి కూడా ఒక పని అనీ, ఆ పనికి కనీస వేతనం ఉండాలనీ ఒక నియమం మొదటిసారిగా అంగీకరించింది. పూర్వపు కొలువుతో పోలిస్తే ఇందులో భవిష్యనిధి, నివాసం, ఆట తరువాతి ఉద్యోగం లేవు. ఒప్పందం ముగిస్తే జీతం ముగుస్తుంది. మోకాలు దెబ్బతింటే మరుసటి ఒప్పందం అనుమానమే.

5. తండా, పట్టణం, మైదానం

సౌమ్య 2001లో జన్మించింది. రెంజల్ మండల పరిధిలోని కిసాన్ తండా ఆమె స్వస్థలం. లంబాడా సమాజం ఎద్దుల బిడారులపై ధాన్యం, ఉప్పు వంటి సరుకులు రవాణా చేస్తూ దక్కన్ అంతటా సంచరించిన సమాజం. రైలు మార్గాలు వచ్చిన తరువాత ఆ వృత్తి దెబ్బతిని, క్రమంగా తండాలలో స్థిరపడి వ్యవసాయానికి, కూలికి మళ్ళింది. తెలంగాణలో లంబాడాలకు షెడ్యూల్డు తెగల హోదా 1976 నాటి సవరణ చట్టంతో లభించింది. అయిదు వందలు, అంతకు మించి జనాభా గల తండాలను ప్రత్యేక గ్రామ పంచాయతీలుగా గుర్తించడం 2018 పంచాయతీరాజ్ చట్టంతో జరిగింది. సౌమ్య బాల్యం ఈ రెండు ఘట్టాల నడుమ కాలానికి చెందినది. రిజర్వేషన్ ఉన్నది, పాలనలో తండాకు సొంత పంచాయతీ ఇంకా లేదు.

ఆమె మొదట పరుగు పందేల క్రీడాకారిణి. ఆమె పరుగులోని వేగాన్ని గమనించిన నిజామాబాద్ పట్టణ శిక్షకుడొకరు ఫుట్‌బాల్ వైపు మళ్ళించాడు. ఈ మలుపు వింగర్‌గా ఆమె స్థానాన్ని కూడా వివరిస్తుంది. చిన్నతనం నుంచి క్లబ్బు అకాడమీలో పెరిగిన పిల్లలు బంతితో మొదలుపెట్టి తరువాత వేగం సంపాదిస్తారు. ఆమె వేగంతో మొదలుపెట్టి బంతిని సాధించింది. ఖాళీ చోటు ఎక్కువగా దొరికే మైదానపు అంచు ఇటువంటి క్రీడాకారిణికి సహజమైన స్థలం.

ఈ దశలో ఆమెకు తోడ్పడినది ఏ పరిశ్రమా కాదు, ఏ వృత్తి క్లబ్బూ కాదు. జిల్లా కేంద్రంలోని ఒక మైదానం, ఒక శిక్షకుడి సొంత పూనిక, కుమార్తెను పంపడానికి ఒప్పుకున్న వ్యవసాయ కుటుంబం. నిజామాబాద్ క్రీడాచరిత్రలో ఇది పదేపదే కనబడే నమూనా. రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన నిఖత్ జరీన్, కామన్‌వెల్త్ క్రీడల్లో రెండుసార్లు కాంస్యం గెలిచిన మహమ్మద్ హుసాముద్దీన్ ఒకే శిక్షకుడి దగ్గర బాక్సింగ్ మొదలుపెట్టారు. ఆ శిక్షకుడు హుసాముద్దీన్ తండ్రి షంషాముద్దీన్. జిల్లాలోని పాకాల గ్రామానికి చెందిన లంబాడా బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు శిఖరం చేరింది. పూర్ణ విషయంలో ప్రభుత్వ గురుకుల పాఠశాలల వ్యవస్థ వెన్నుదన్నుగా నిలిచింది. మిగిలిన వారి విషయంలో వ్యక్తుల పట్టుదలే సంస్థ స్థానాన్ని నింపింది.

6. వింగర్ ప్రస్థానం: ముంబై, కోజికోడ్, జాగ్రెబ్, కోల్‌కతా

వయోపరిమితి జాతీయ జట్ల మీదుగా ఎదిగిన సౌమ్య 2021లో సీనియర్ భారత జట్టులోకి ప్రవేశించింది. క్లబ్బు స్థాయిలో ఆమె ప్రయాణం ముంబైకి చెందిన కెంక్రే జట్టుతో మొదలై కేరళలోని గోకులం జట్టుకు చేరింది. కోజికోడ్ కేంద్రంగా గల గోకులం ఆనాటి మహిళా ఫుట్‌బాల్‌లో అత్యంత బలమైన జట్టు. 2019–20, 2021–22, 2022–23 లీగ్ టైటిళ్ళు దానివే.

2022 ఆగస్టులో జరిగిన ఒక సంఘటన ఈ వృత్తి ఎంత సున్నితమైనదో తెలిపింది. పరిపాలనలో బయటివారి జోక్యం కారణంగా ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య భారత సమాఖ్యను సస్పెండు చేసింది. ఆసియా క్లబ్బు పోటీ కోసం అప్పటికే తాష్కెంట్ చేరిన గోకులం జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా తిరిగి రావలసి వచ్చింది. ఆగస్టు 26న సస్పెన్షన్ తొలగింది, కాని పోటీలో అవకాశం పోయింది. పరిపాలకుల తగాదాకు మూల్యం చెల్లించింది క్రీడాకారిణులే. కొలువు కాలంలో శాఖ జట్టు ఒక పోటీకి పోలేకపోయినా జీతం ఆగేది కాదు. ఒప్పందాల కాలంలో ఒక అంతర్జాతీయ పోటీ పోతే తదుపరి ఒప్పందానికి చూపవలసిన ఆధారమే పోతుంది.

ఆ సంవత్సరమే సౌమ్య, మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్ మహిళా జట్టులో చేరింది. యూరప్‌లో ఆడే భారతీయ మహిళలను వేళ్ళ మీద లెక్కించగల కాలం అది. బోధన్ ప్రాంతపు తండాకు, జాగ్రెబ్‌కు మధ్య చారిత్రకంగా ఏ బంధమూ లేదు. నిజామాబాద్ జిల్లా నుంచి విదేశీ వలస అనగానే గల్ఫ్ దేశాలు గుర్తుకు వస్తాయి. భవన నిర్మాణ కూలీలుగా, డ్రైవర్లుగా వేలాది పురుషులు ఆ దారిన వెళ్ళారు. ఆ వలస చరిత్రలోకి ఒక గిరిజన యువతి ఆటను పనిగా చేసుకొని యూరప్‌కు వెళ్ళడం చేరింది. దారి వేరైనా మూలసూత్రం ఒకటే. నైపుణ్యానికి తగిన వేతనం ఇచ్చే చోటు ఊరికి దూరంలో ఉన్నది.

క్రొయేషియా నుంచి తిరిగి వచ్చి గోకులం తరఫున ఆడిన సౌమ్య 2024లో ఈస్ట్ బెంగాల్‌లో చేరింది. 2024–25 సీజన్‌లో ఆంటొనీ ఆండ్రూస్ శిక్షణలోని ఈస్ట్ బెంగాల్ తొలిసారిగా ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. 2025 ఏప్రిల్‌లో ఒడిశా జట్టుపై 1–0 తేడాతో టైటిల్‌ను ఖాయం చేసుకున్న మ్యాచ్‌లో ఆ ఒక్క గోల్ ఆమెది. మరుసటి నెల భువనేశ్వర్‌లో జరిగిన వేడుకలో ఆ ఏటి ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా సమాఖ్య ఆమెను సత్కరించింది. అమ్ముగూడ బలరాం ధరించిన ఎరుపు, పసుపు జెర్సీని దాదాపు ఏడు దశాబ్దాల తరువాత తెలంగాణకు చెందిన మరొక దాడి క్రీడాకారిణి ధరించింది. ఇద్దరికీ నడుమ మారిన విషయం స్త్రీకి దక్కిన ప్రవేశం. మారని విషయం కోల్‌కతా వెళ్ళవలసి రావడం.

2025 జూన్, జులై నెలల్లో థాయిలాండ్‌లోని చియాంగ్ మాయిలో జరిగిన ఆసియా కప్పు అర్హత పోటీల్లో ఆమె భారత జట్టు సభ్యురాలు. మంగోలియాపై 13–0 తేడాతో గెలిచిన మ్యాచ్‌లో గోల్స్ చేసిన వారిలో ఆమె ఒకరు. జులై 5న ఆతిథ్య థాయిలాండ్‌ను 2–1 తేడాతో ఓడించి భారత జట్టు ఆస్ట్రేలియాలో జరిగే 2026 ఆసియా కప్పుకు అర్హత సాధించింది. అర్హత పోటీల ద్వారా భారత మహిళలు ఆసియా కప్పుకు చేరడం అదే మొదటిసారి.

7. వ్యక్తి క్రీడ, జట్టు క్రీడ: గుర్తింపులోని తేడా

ఒకే జిల్లా నుంచి వచ్చిన ఇద్దరు క్రీడాకారిణుల జీవితాలను పక్కపక్కన పెట్టి చూడటం ఉపయోగకరం. నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. రాష్ట్ర ప్రభుత్వం 2022లో ఆమెకు 2 కోట్ల రూపాయల నగదు బహుమతి ప్రకటించింది. 2024లో తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీగా నియమించింది. ఇది న్యాయమైన గౌరవమే. హైదరాబాద్ సిటీ పోలీసు కాలపు కొలువు సంప్రదాయం ఒక ముస్లిం మహిళా బాక్సర్ వరకు విస్తరించడం చెప్పుకోదగిన సామాజిక పరిణామం.

అయితే ఈ గుర్తింపు పద్ధతి పతకాన్ని కొలమానంగా తీసుకుంటుంది. బాక్సింగ్‌లో పతకం ఒకరి మెడలో పడుతుంది. ఫుట్‌బాల్‌లో పదకొండు మంది కలిసి గెలవాలి. భారత మహిళా జట్టు ప్రపంచ కప్పుకు గాని, ఒలింపిక్స్‌కు గాని ఇంతవరకు అర్హత పొందలేదు. కాబట్టి ఆ జట్టులోని అత్యుత్తమ క్రీడాకారిణి కూడా పతకాల లెక్కలో వెనుకబడుతుంది. వింగర్ విషయంలో ఈ ఇబ్బంది రెండింతలు. ఆమె పరుగు ఫలించాలంటే వెనుక నుంచి బంతి రావాలి, ముందు ఎవరో దానిని గోల్‌గా మలచాలి. పతకాన్ని మాత్రమే కొలిచే ప్రభుత్వ విధానం ఇటువంటి శ్రమను కొలవలేదు. దేశానికి ఆడిన మ్యాచ్‌లు, లీగ్‌లో ఆడిన సంవత్సరాలు, ఏటా లభించిన వృత్తిపరమైన గుర్తింపు కూడా లెక్కలోకి రావలసి ఉంది.

క్లబ్బుల విషయంలోను ఇదే లోటు. 2024–25 లీగ్‌లో ఆడిన ఎనిమిది జట్లలో తెలంగాణకు చెందినది ఒక్కటీ లేదు. పురుషుల అగ్రశ్రేణి లీగ్‌లో 2019 నుంచి ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా 2025లో ఢిల్లీకి తరలిపోయింది. రహీం నడిచిన నగరంలో అగ్రశ్రేణి వృత్తి క్లబ్బు లేని స్థితి ఏర్పడింది. నిజామాబాద్ బాలికకు దగ్గరి మెట్టు హైదరాబాద్ కావలసి ఉండగా, మొదటి మెట్టే ముంబై లేదా కోజికోడ్ అవుతున్నది.

8. ఒక పోలిక: కెనడా అనుభవం

వృత్తి క్రీడలో స్థానిక క్రీడాకారుల భవిష్యత్తును నియమం ద్వారా కాపాడవచ్చునని చెప్పడానికి కెనడా ఉదాహరణ ఉపకరిస్తుంది. కెనడియన్ ఫుట్‌బాల్ వేరే ఆట. అండాకారపు బంతిని చేతితో విసిరి ఆడతారు. జట్టుకు పన్నెండు మంది. అమెరికా మైదానం కన్నా వెడల్పైన మైదానం కావడంతో, అంచున పరుగెత్తి బంతిని అందుకునే వైడ్ రిసీవర్‌కు ఆ ఆటలో ప్రాముఖ్యం ఎక్కువ. పని తీరులో అతడు మన వింగర్‌కు దగ్గరి బంధువు. అతడి పరుగు ఫలించడం కూడా బంతి విసిరేవాడిపై ఆధారపడి ఉంటుంది.

పొరుగున ఉన్న అమెరికా నుంచి నైపుణ్యం గల ఆటగాళ్ళు ఎంతమందైనా దొరుకుతారు. అయినా కెనడియన్ ఫుట్‌బాల్ లీగ్ ప్రతి జట్టులోను, మ్యాచ్ ఆరంభించే ఆటగాళ్ళలోను నిర్దేశిత సంఖ్యలో స్వదేశీయులు ఉండాలని నియమం పెట్టుకుంది. స్వదేశీ ఆటగాళ్ళలో చాలామంది కెనడా విశ్వవిద్యాలయాల జట్లలో ఆడి, వార్షిక ఎంపిక ద్వారా వృత్తి లీగ్‌లోకి వస్తారు. తొమ్మిది జట్ల చిన్న లీగ్ అయినా, ఒక చిన్న పట్టణపు యువకుడికి దగ్గరలోని విశ్వవిద్యాలయం నుంచి వృత్తి క్రీడ దాకా ఒక దారి కనిపిస్తుంది. డబ్బు ఆ లీగ్‌లోను అపారం కాదు. ఆటగాళ్ళ వృత్తికాలం అక్కడా చిన్నదే. తేడా అంతా దారి ముందే వేసి ఉండటంలో ఉన్నది.

భారత మహిళా లీగ్‌లో పదిమంది స్వదేశీ క్రీడాకారిణులతో ఒప్పందం తప్పనిసరి అన్న నియమం ఈ దిశలో తొలి అడుగు. రెండవ అడుగు విద్యాసంస్థలది. నిజామాబాద్ జిల్లాలో గిరిరాజ్ ప్రభుత్వ కళాశాల ఉన్నది. డిచ్‌పల్లిలో 2006 నుంచి తెలంగాణ విశ్వవిద్యాలయం ఉన్నది. అంతర్ కళాశాలల పోటీలను కొద్ది రోజుల కార్యక్రమంగా ముగించకుండా, ఏడాది పొడవునా సాగే మహిళా లీగ్‌గా మలిస్తే, ఇంటర్మీడియట్ తరువాత ఆట మానేసే బాలికలకు మరి మూడేళ్ళ ఆట, దానితోపాటు ఒక డిగ్రీ లభిస్తాయి. ఆట ముగిశాక చేతిలో ఏమీ మిగలని స్థితికి ఆ డిగ్రీయే తొలి రక్షణ.

9. ముగింపు

బోధన్ చక్కెర సీమ చరిత్రను సాధారణంగా కర్మాగారపు వైభవం, పతనం అనే రెండు అధ్యాయాలుగా చెబుతారు. గుగులోత్ సౌమ్య క్రీడాజీవితం ఆ కథనాన్ని సవరిస్తుంది. కర్మాగారం వెలిగిన కాలంలో తండా బాలికకు ఆట ద్వారా జీవనోపాధి అన్న ఊహకే తావు లేదు. కర్మాగారం ఆగిన తరువాత ఆ ఊహ వాస్తవమైంది. కనుక ప్రాంతం క్షీణించిందన్న మాట పూర్తి సత్యం కాదు, ప్రాంతం ఎదిగిందన్న మాటా పూర్తి సత్యం కాదు. పాత కొలువు భద్రతనిచ్చి స్త్రీని బయట ఉంచింది. కొత్త ఒప్పందం స్త్రీని లోపలికి పిలిచి భద్రతను బయట ఉంచింది.

సౌమ్య సాధించిన స్థానం ఒక వ్యక్తి ప్రతిభకు, ఒక చిన్న పట్టణపు మైదానానికి, ఒక కుటుంబం చూపిన తెగువకు దక్కిన ఫలితం. అటువంటి ముగ్గురి కలయిక ప్రతి తరంలోనూ యాదృచ్ఛికంగా జరుగుతుందని ఎదురుచూడటం విధానం అనిపించుకోదు. రెంజల్, ఎడపల్లి, వర్ని తండాల నుంచి వచ్చే తదుపరి బాలికకు నిజామాబాద్‌లోనే ఒక జట్టు, ఒక కళాశాల, ఒక ఒప్పందం ఉన్నప్పుడు ఆమె దూరప్రయాణం అవసరం వల్ల కాక ఇష్టం వల్ల జరుగుతుంది. ఈ ప్రాంతపు క్రీడాచరిత్రలో రాయవలసిన తరువాతి అధ్యాయం అదే.